ఓడిపోయినవాడి జీతం

బేకరీ వెనక గది,
చలి మొదలైన వారం

వదినా,

వారం వారం ఫోనులో మాట్లాడుకుంటున్నాం కదా, మళ్ళీ ఈ ఉత్తరమేమిటి అనుకుంటావు. ఫోనులో నువ్వు "బాగున్నానమ్మా" అంటావు, నేను "ఇక్కడా అంతే" అంటాను, అక్కడితో సరి. ఈ విషయం అలా తేలిపోకూడదని కలం పట్టాను.

ఈ ఏడు మా చిన్న దుకాణదారుల సంఘానికి నన్ను కార్యదర్శిని చేశారు. పని తెలిసినదాన్నని కాదు, నోరున్నదాన్నని. శాసనసభ సభ్యుల జీతాలూ పింఛన్లూ సమీక్షించడానికి ప్రభుత్వం ఒక కమిషన్ వేసింది కదా, దానికి మా సంఘం ఒక అర్జీ పెట్టింది. రాసింది నేనే. ఒక్కసారి గెలిచి సభలో కూర్చుంటే చచ్చేదాకా పింఛను, మళ్ళీ గెలిస్తే దాని మీద ఇంకొకటి, మనిషి పోయాక ఇంట్లోవాళ్ళకు. ఇది పన్ను కట్టేవాళ్ళకు న్యాయం కాదు, పింఛన్లు మొత్తం రద్దు చెయ్యండి, జీతాలూ తగ్గించండి అని రాశాను. రేపో మాపో పేపర్లో వస్తుంది. నువ్వు అక్కడ చూసి తెలుసుకునే కన్నా నా చేతిరాతలో చదవడం మంచిదనిపించింది.

ఇది నీ మీద రాసింది కాదు. మా పొయ్యి మేస్త్రి నీకు గుర్తున్నాడు కదా, మా మామగారి హయాం నుంచీ ఉన్నవాడు, నువ్వు వచ్చినప్పుడల్లా మొదటి వాయి రొట్టె నీకని పక్కన పెట్టేవాడు. పోయిన నెల మానేశాడు. చేతులు వణుకుతున్నాయి, పెనాలు లాగలేకపోతున్నాడు. దండ వేశాం, చొక్కా పెట్టాం, అందరం చప్పట్లు కొట్టాం. అంతా అయ్యాక మెల్లిగా నా పక్కకొచ్చి, "అమ్మా, ఇక నెల నెలా ఏమైనా ఉంటుందా?" అన్నాడు. ఆ రాత్రే అర్జీ రాయడం మొదలుపెట్టాను.

ఇన్నేళ్ళయినా అన్నయ్య మొదటిసారి పోటీకి దిగిన రోజు కళ్ళముందు ఆడుతూనే ఉంది. రేడియో రిపేరు కొట్టు తాళంచెవి నా చేతిలో పెట్టి, "గడుగ్గాయీ, కొట్టు కాస్త చూస్తుండు, నామినేషన్ వేసి సాయంత్రానికి వచ్చేస్తా" అన్నాడు. రెండు ఎన్నికలు గెలిచాడు గానీ ఆ సాయంత్రం మాత్రం రాలేదు. విప్పేసిన రేడియోల మధ్య కూర్చుని, వచ్చినవాళ్ళందరికీ "ఇదుగో వచ్చేస్తాడు" అని చెప్పేదాన్ని. ఊరంతా "రేడియో అన్న" అని పిలుస్తుంటే, ఆ రేడియోలు మాత్రం నా ప్రాణానికి చుట్టుకున్నాయి.

కోపమొస్తే తిట్టు. తిట్టడం మానేసి ఊరుకోకు.

నీ
గడుగ్గాయి

*

వంటగది బల్ల దగ్గర,
ఎండ లోపలికి వచ్చే వేళ

గడుగ్గాయికి,

నీ ఉత్తరమూ పేపరూ ఒకే రోజు వచ్చాయి. పేపరే ముందు చదివాను, ఏమీ అనుకోకు. అర్జీ బాగా రాశావు. మీ అన్నయ్య ఉంటే ఒకటి రెండు చోట్ల భాష దిద్ది, "దీనికి జవాబు చెప్పడం కష్టం" అని మురిసిపోయేవారు.

తిట్టను. ఒక సంగతి మాత్రం చెబుతాను.

మేము సభ్యుల క్వార్టర్స్‌లో ఉన్న మొదటి విడత నీకు సరిగ్గా తెలియదు, అప్పుడే నీకు పెళ్ళై కొత్త కాపురంలో ఉన్నావు. మూడో అంతస్తు, రెండు గదులు, వాన పడితే ముందుగదిలో బకెట్లు. అప్పట్లో సభ్యులకిచ్చేదాన్ని జీతమనేవాళ్ళు కాదు, గౌరవ వేతనం అనేవాళ్ళు. అందులో గౌరవం ఎక్కువ, వేతనం తక్కువ. ప్రజాసేవకు జీతమేమిటని పెద్దమనుషులందరూ అనేవాళ్ళు. అలా అన్నవాళ్ళలో ఆస్తి లేనివాడు ఒక్కడూ లేడు.

మీ అమ్మ మా దగ్గరే ఉండేది. రోజూ సూదిమందు వేయాలి, అది చల్లగా ఉండాలి. మాకు ఫ్రిజ్ లేదు. కింది అంతస్తులో ఉన్న సభ్యుడి ఇంట్లో పెట్టి, వేళకు దిగి తెచ్చుకునేదాన్ని. వాళ్ళు భోజనానికి కూర్చున్నప్పుడు తలుపు తట్టాలంటే ఎంత సిగ్గుగా ఉండేదో. ఒకరోజు ఇద్దరు మనుషులు కొత్త ఫ్రిజ్ మోసుకొచ్చి ముందుగదిలో దించారు. ఎవరు పంపారంటే రోడ్ల కాంట్రాక్టరు పేరు చెప్పారు. "అమ్మగారి మందు కోసమంట" అన్నారు. మందు సంగతి అతనికెలా తెలిసిందో ఇప్పటికీ తెలియదు.

సాయంత్రం మీ అన్నయ్య వచ్చి దాన్ని చూశారు. నన్ను చూశారు. మీ అమ్మను చూశారు. నేనే అన్నాను, "మనకోసం కాదు కదండీ, అత్తయ్య కోసం." ఆయన చొక్కా విప్పి, "ఒక చెయ్యి వెయ్యి" అన్నారు. మూడంతస్తులు ఇద్దరం కలిసి దించాం. మెట్ల మలుపులో నా వేలు నలిగింది. వేలి నొప్పికి ఏడ్చాననుకున్నారు ఆయన. ఫ్రిజ్ కోసం ఏడ్చాను నేను.

రెండో విడతలో జీతాలు పెంచారు. పేపర్లన్నీ దుమ్మెత్తి పోశాయి, నువ్వు కూడా ఫోను చేసి "ఇదేం పని అన్నయ్యా" అన్నావు. ఆ నెలలోనే వాయిదాల మీద మా సొంత ఫ్రిజ్ వచ్చింది. అదే ఇప్పటికీ ఈ వంటింట్లో గురగురలాడుతోంది. మళ్ళీ ఏ కాంట్రాక్టరూ మా ఇంటికి ఏమీ పంపలేదు, పంపినా పుచ్చుకోరని తెలిసింది గనక. జీతం చాలని మనిషికి అడక్కుండానే పంపేవాళ్ళుంటారు, గడుగ్గాయీ. మీ అర్జీలో ఆ ముక్క లేదు.

నాకేం, బాగానే ఉన్నాను. పొయ్యి మేస్త్రిని అడిగానని చెప్పు.

మీ వదిన

*

బేకరీ, గల్లా పెట్టె వెనక,
పొగమంచు రోజులు

వదినా,

ఫ్రిజ్ సంగతి ఇన్నేళ్ళు నాతో అనలేదు నువ్వు. అమ్మ కూడా చెప్పలేదు. చదివి కాసేపు పొయ్యి దగ్గరికెళ్ళి నిలబడ్డాను, మా ఆయన చూసి కళ్ళల్లో పొగ పడిందనుకున్నాడు.

జీతం మాట ఒప్పుకుంటాను. పని చేసినన్నాళ్ళు పనికి తగిన జీతం ఇవ్వాల్సిందే, లేకపోతే ఉన్నవాళ్ళు తప్ప ఎవరూ నిలబడలేరు. అది దిద్దుకుంటాను. కానీ పింఛను సంగతి చెప్పు. ఒక్క విడత కూర్చుని లేచి వెళ్ళినవాడికి జన్మంతా ఎందుకివ్వాలి? మా ఊళ్ళో మిల్లుల పెద్దాయన ఉన్నాడు చూడు, ఆయన నాలుగుసార్లు గెలిచాడు, నాలుగు పింఛన్లు తీసుకుంటాడు. ఆయన మిల్లు వాకిట్లో కారు కడిగేవాడు కొనే సబ్బు మీద కూడా పన్ను ఉంది. వాడు కట్టింది ఈయనకు పోతోంది. నాకు కడుపు మండదా?

పని పోతే ఎలాగన్న బెంగ సభ్యుడికొక్కడికేనా? నా పొయ్యి చల్లారితే నాకెవరిస్తారు?

కమిషన్ వాళ్ళు వచ్చే నెల మా టౌన్‌హాల్‌కు వస్తున్నారు. ఎవరైనా మాట్లాడొచ్చు. నేను మాట్లాడతాను. అన్నయ్య గురించి చెబుదామనుకుంటున్నాను. పదవి పోయాక కూడా ఖాళీగా కూర్చోలేదు, పార్టీ పనులతో ఊపిరాడకుండా తిరిగాడు, పింఛను కోసం ఎదురుచూసిన మనిషి కాదు అని. ఆ రోజుల్లో ఎప్పుడు ఫోను చేసినా "మీటింగు ఉందే, తర్వాత మాట్లాడతా" అనేవాడు కదా. అన్నయ్య ఈరోజు ఉండి ఉంటే ఆ హాల్లో నా పక్కన కూర్చునేవాడని నా నమ్మకం. కాదంటావా?

గడుగ్గాయి

*

అదే బల్ల, అదే కుర్చీ,
చలి విరుగుతున్న రోజు

గడుగ్గాయీ,

హాల్లో ఆ మాట చెప్పకు. అది నిజం కాదు.

మీ అన్నయ్యకు పార్టీ పనులేమీ లేవు. ఓడిపోయిన కొన్నాళ్ళకే పార్టీవాళ్ళు పిలవడం మానేశారు. ఆయన నీతో మీటింగు అన్నప్పుడల్లా కొట్లోనే ఉన్నారు. అవును, రేడియో కొట్లో. అద్దె మనం కడుతూనే ఉన్నాం కదా, తాళం తీసి, దుమ్ము దులిపి, బల్ల మీద పనిముట్లు వరసగా పేర్చుకుని కూర్చున్నారు. "వచ్చిన పని ఇదే కదా, దీంట్లోకే వెళ్తా" అన్నారు. నేనెంత సంతోషించానో నీకు చెప్పలేను. మళ్ళీ ఆయన వేళ్ళకు తీగలు అతికించే ఆ సీసం వాసన వస్తుందనుకున్నాను. పెళ్ళైన కొత్తలో నాకు ఆయన వాసన అంటే అదే.

జనం వచ్చేవాళ్ళు. నమస్కారం పెట్టి, స్టూలు లాక్కుని కూర్చుని, కాలవ సంగతీ, కరెంటు సంగతీ చెప్పి, టీ తాగి వెళ్ళేవాళ్ళు. రేడియో మాత్రం ఎవరూ తెచ్చేవాళ్ళు కాదు. సభలో మాట్లాడిన మనిషి చేత స్క్రూలు తిప్పించడం ఏం బాగుంటుందని వాళ్ళ మొహమాటం. పక్క వీధిలో కుర్రాడి దగ్గరికి తీసుకెళ్ళేవాళ్ళు, అదీ మా కొట్టు ముందు నుంచి కాకుండా చుట్టూ తిరిగి. పైగా అప్పటికి రేడియోలూ తగ్గిపోతున్నాయి, ఆయన సభలో ఉన్నన్నాళ్ళలో వచ్చిన కొత్త సామాను ఆయన చేతికి అలవాటు లేదు.

ఒకరోజు మన పాత పోస్ట్‌మ్యాన్ ఒక రేడియో తెచ్చాడు. "అన్నా, పలకడం లేదు, చూడు" అన్నాడు. మీ అన్నయ్య ఎంత హడావుడి చేశారో. నేను అప్పుడే టిఫిన్ డబ్బా తీసుకెళ్ళాను. దాన్ని వెనక్కి తిప్పి మూత తీశారు. లోపల అంతా శుభ్రంగా ఉంది, ఒక్క తీగ మాత్రం ఊడి ఉంది. ఊడినది కాదు, ఎవరో చేత్తో లాగినది. ఆయనకు పని చెప్పడం కోసం ఆ మనిషి బాగున్న రేడియో చెడగొట్టుకుని తెచ్చాడు.

మీ అన్నయ్య తలెత్తలేదు. తీగ అతికించారు. పాట వచ్చింది. "చాలా మొరాయించింది, ఎట్టకేలకు దారికొచ్చింది" అన్నారు. "నీ చెయ్యి పడితే రాకపోవడమేమిటన్నా" అన్నాడతను. డబ్బులివ్వబోతే తీసుకోలేదు. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకోకుండా చేతులు కలుపుకున్నారు. మర్నాడు ఆయన కొట్టు ఖాళీ చేసేశారు.

ఆ తర్వాత మేము బతికింది పింఛను మీదే. ఆయన పోయాక నేను బతుకుతున్నదీ దాని మీదే. వేరే ఏమీ లేదు. నువ్వు అడగవని తెలిసి చెప్పలేదు.

పింఛను ఎందుకని నువ్వు అడిగినదానికి ఆయన మాటే రాస్తాను. ఒకసారి నేనే అడిగాను, ఏ పనీ చెయ్యకుండా ఇది తీసుకోవడం మీకెలా ఉందని. "ఇది ఓడిపోయినవాడికిచ్చే జీతమే. ఓడితే గతేమిటన్న భయం ఉన్నవాడు గెలవడానికి ఏమైనా చేస్తాడు. ఆ భయం తీర్చడానికి జనం ఇస్తున్నారు" అన్నారు. మళ్ళీ తనే, "మిల్లుల పెద్దాయనకు ఏ భయముందని ఇస్తున్నారో మాత్రం నాకూ తెలియదు" అన్నారు.

హాల్లో నీ పక్కన కూర్చునేవారా లేదా అంటే, కూర్చునేవారు. నీ మాట మధ్యలో అడ్డం కూడా వచ్చేవారు.

మీ వదిన

*

బేకరీ వెనక గది,
టౌన్‌హాల్ నుంచి వచ్చిన సాయంత్రం

వదినా,

ఇంకా చెప్పులైనా విప్పలేదు, నీకు రాస్తున్నాను.

హాలు నిండింది. కమిషన్ పెద్ద రిటైరైన జడ్జి గారు, ఒక పెద్దావిడ, కళ్ళజోడు మీద నుంచి చూస్తూ ప్రతి మాటా తనే రాసుకుంటోంది. ముందు మిల్లుల పెద్దాయన లేచాడు. "మేము మా యవ్వనాన్ని ప్రజలకు ఇచ్చేశాం" అన్నాడు. వెనక బెంచీ నుంచి ఎవరో, "ఇచ్చేశారా, అద్దెకిచ్చారా?" అన్నారు. హాలంతా నవ్వింది, జడ్జి గారు కూడా కళ్ళజోడు తుడుచుకునే వంకతో తల దించుకుంది.

తర్వాత నన్ను పిలిచారు. రాసుకున్న కాగితాలు పట్టుకునే వెళ్ళాను. మొదటి వాక్యం చదివాను, రెండోది చదవలేకపోయాను. కాగితాలు మడిచి, పొయ్యి మేస్త్రి గురించి చెప్పాను. మీ పేర్లు చెప్పకుండా ఫ్రిజ్ గురించి చెప్పాను. ఆ రేడియో గురించి చెప్పాను.

"జీతం సరిగ్గా ఇవ్వండి, దానికి మేము ఏడవం. పింఛను మాత్రం ఎన్నిసార్లు గెలిచినా ఒక్కటే ఇవ్వండి. వేరే ఆధారం లేనివాళ్ళకే ఇవ్వండి. అందరూ ముసలితనంలో తీసుకునే వయసుకే ఇవ్వండి. ఎంతివ్వాలన్నది తీసుకునేవాళ్ళు కాకుండా వేరే ఎవరైనా తేల్చండి. అప్పుడు మా పొయ్యి మేస్త్రి నా మొహం చూసి అడిగితే, కనీసం తల దించుకోకుండా నిలబడతాను" అన్నాను.

జడ్జి గారు కలం ఆపి, "ఆ రేడియోలు బాగుచేసే ఆయన మీకేమవుతారమ్మా?" అని అడిగింది. చెప్పకూడదనే అనుకున్నాను. "మా అన్నయ్యండీ" అన్నాను. దిగి వచ్చేశాను.

బయటకొచ్చాక మా సంఘం అధ్యక్షుడు పట్టుకున్నాడు. "రద్దు చెయ్యమని చెప్పమ్మా అని పంపిస్తే, ఇవ్వమని చెప్పి వచ్చావా?" అన్నాడు. వచ్చే ఏడు కార్యదర్శిని మారుస్తారట. మార్చుకోనీ.

అన్నయ్య నాతో అబద్ధమాడాడని మొదట కోపం వచ్చింది. ఇప్పుడు ఆలోచిస్తుంటే, "మీటింగు ఉందే" అన్నప్పుడల్లా వెనకాల సన్నగా ఏదో గరగర వినిపించేది. జనం గోల అనుకునేదాన్ని. స్టేషను కోసం ముల్లు తిప్పుతూ కూర్చునేవాడు కాబోలు.

నీ దగ్గరికి రావాలనుంది. కొత్త మేస్త్రి చేయి కుదిరాక వస్తాను.

గడుగ్గాయి

*

బేకరీ,
ఎండలు ముదిరాక

వదినా,

ఎలా రాయాలో తెలియడం లేదు. నిన్న సభ ఓటేసింది, వినే ఉంటావు.

కమిషన్ మంచి నివేదికే ఇచ్చింది. ఒక్కటే పింఛను, ఆధారం లేనివాళ్ళకే, ముసలి వయసులోనే. నా మాటలు నాకే అచ్చులో కనిపించాయి. కానీ సభ్యులు దాన్ని అటు తిప్పి ఇటు తిప్పి, ఈ నియమాలు ఇకముందు కొత్తగా గెలిచేవాళ్ళకే అని రాసుకున్నారు. ఇప్పుడున్నవాళ్ళకు, ఇదివరకటివాళ్ళకు ఏ కోతా లేదు. మిల్లుల పెద్దాయన నాలుగూ అలాగే తీసుకుంటాడు. ఖజానాకు వెంటనే పొదుపు కనిపించాలి కదా, అందుకని పోయిన సభ్యుల భార్యలకు వచ్చేదాంట్లో సగం తీసేశారు. చెయ్యెత్తడానికి మీరెవరూ ఆ సభలో లేరు.

నేను ఎవరికో గురిపెట్టాను, తగిలింది నీకు. మా ఆయన "నువ్వేం చేస్తావే, నువ్వు చెప్పిందొకటి, వాళ్ళు చేసిందొకటి" అంటాడు. నాకు ముద్ద దిగడం లేదు.

తగ్గింది నేను నెల నెలా పంపుతాను. వద్దనకు. అన్నయ్య ఉంటే నన్ను తిట్టేవాడు.

గడుగ్గాయి

*

వెనక వాటా, కొత్త ఇల్లు,
తొలకరి పడిన మర్నాడు

గడుగ్గాయీ,

పై చిరునామా చూశావు కదా. ఇదే వీధిలో వెనక వాటాలోకి మారాను. అద్దె తక్కువ. పిల్లాజెల్లా లేని మనిషికి ఆ ముందరి ఇల్లు ఎప్పుడో ఎక్కువైంది, వదలబుద్ధి కాక పట్టుకు వేలాడాను. ఇక్కడ కిటికీ పక్కనే పక్కవాళ్ళ జామచెట్టు. ఉడతల గోల తప్ప ఏ ఇబ్బందీ లేదు. నువ్వు పంపిన డబ్బు తిప్పి పంపేశాను, అలిగితే వచ్చి అలుగు. నీకు పంపాలని ఉంటే పొయ్యి మేస్త్రికివ్వు. నేను సగంతో బతకగలను. అతనికి ఆ సగమూ లేదు.

తప్పు చేశానని నువ్వు కుమిలిపోతున్నావు. నువ్వు అడిగింది సరైనదే. వాళ్ళు చేసిందే సరికాదు. ఆ మాట చెప్పడానికి నేనే మా సభ్యురాలి ఇంటికి వెళ్ళాను. చిన్నపిల్ల, మొదటిసారి గెలిచింది, ఇదివరకు నర్సుగా చేసేది. వాకిట్లో వరసలో నిలబడ్డాను, నేనెవరో చెప్పలేదు. నా వంతు వచ్చాక అడిగాను, "విధవరాళ్ళది తగ్గించారు, మీది ఎందుకు తగ్గించుకోలేదమ్మా?" అని. ఆ పిల్ల నేల చూపులు చూసింది. "అందరూ చెయ్యెత్తారండీ, నేనూ ఎత్తాను. తర్వాత ఎవరో చెప్పేదాకా ఆ సంగతి అందులో ఉందనే తెలియదు" అంది. తర్వాత ఎవరమ్మా మీరు అని అడిగింది. చెప్పాను.

లోపలికి తీసుకెళ్ళి కూర్చోబెట్టింది. ఆసుపత్రి ఉద్యోగం వదిలేసిందట, మళ్ళీ ఇస్తారో ఇవ్వరో తెలియదట. "ఓడిపోయిన మర్నాడు ఎలా ఉంటుందమ్మా?" అని మెల్లిగా అడిగింది. అలా అడగడంతో ఆమె మీద నాకున్న కోపమంతా పోయింది. ఆ నియమం మీద మాత్రం పోలేదు. మళ్ళీ అర్జీ రాయి, గడుగ్గాయీ. తీసుకునేవాళ్ళే తమకెంతో తేల్చుకోకూడదన్న మాట ఈసారి మొట్టమొదట రాయి. దాని కింద మొదటి సంతకం నాది. సంఘం రానివ్వకపోతే మనిద్దరమే పెడదాం. పోయిన సభ్యుడి భార్య అని రాయొద్దు. నేనూ టీ పొడి కొంటున్నాను, సబ్బు కొంటున్నాను, నేనూ పన్ను కడుతున్నాను.

ఆ పిల్లకు ఏం చెప్పానో నీకూ చెప్పాలి. ఎవరికీ చెప్పలేదు ఇది.

ఓట్లు లెక్కపెట్టి ఓడిపోయామని తేలిన రాత్రి మీ అన్నయ్య నవ్వుతూనే ఇంటికొచ్చారు. "రేపటి నుంచి పొద్దున్నే ఎవరూ తలుపు కొట్టరు. ఎండెక్కేదాకా పడుకుంటా, లేపకు" అన్నారు. తెల్లారి నాకు మెలకువ వచ్చేసరికి పక్కన లేరు. ముందుగదిలో స్నానం చేసి, ఉతికిన చొక్కా వేసుకుని, వీధి తలుపు బార్లా తీసి, ఎప్పుడూ కూర్చునే కుర్చీలో కూర్చున్నారు. ఎదురుగా ఖాళీ బెంచీ. వీధిలో పాలవాడు వెళ్ళాడు, పిల్లలు బడికెళ్ళారు. ఎవరూ లోపలికి రాలేదు.

కాసేపు గుమ్మం వెనకే నిలబడి చూశాను. తర్వాత కొంగు సర్దుకుని, వీధివైపు నుంచి చుట్టూ తిరిగి వచ్చి, నమస్కారం పెట్టి ఆ బెంచీ మీద కూర్చున్నాను.

ఆయన నన్ను చూశారు. గొంతు సవరించుకున్నారు.

"చెప్పమ్మా, ఏం పని మీద వచ్చావు?"

"మా ఆయన ఇంటి పట్టున ఉండటం లేదండీ. చాలా ఏళ్ళయింది. ఎవరికి చెప్పుకోవాలో తెలియక మీ దగ్గరికొచ్చాను."

ఆయన జేబులోంచి కలం తీశారు. రాయకుండానే మళ్ళీ జేబులో పెట్టుకున్నారు.

"ఆ పని నిన్న రాత్రే అయిపోయిందమ్మా" అన్నారు. "ఇంకేమైనా ఉందా?"

మీ వదిన